ల్యాప్‌టాప్ బ్యాటరీని ఏ యాప్ తింటోంది? మార్చే ముందు కొలిచి చూడు

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ల్యాప్‌టాప్ కొని పదహారు నెలలైంది. రోజూ పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ దాకా పని చేసుకుంటూ పోతావు. మొదట్లో దిగేటప్పటికి ఇంకా సగం చార్జింగ్ మిగిలేది. ఇప్పుడు జనగామకే 62 శాతానికి పడిపోతోంది, ఘట్‌కేసర్ రాకముందే ఆగిపోతోంది. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు, 4,500 అవుతుందన్నారు. సెట్టింగ్స్‌లో నువ్వే చూసుకుంటే బ్రౌజర్ ఒక్కటే 61 శాతం వాడుతున్నట్టు ఉంది. బ్యాటరీ మార్చాలా, బ్రౌజర్ తీసేయాలా అని అడిగావు.

రెండూ ఇప్పుడే వద్దు. నేను హన్మకొండలో పదిహేడేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. బ్యాటరీ పోయిందంటే నమ్మి మార్పించుకుని, వారం తిరక్కుండానే అదే బాధతో నా దగ్గరికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. డబ్బు పోయింది, జబ్బు మాత్రం అలాగే ఉంది. చదువుకునే పిల్లలు, చిన్న జీతాలవాళ్లు అలా నష్టపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

ట్యాంకులో నీళ్లు తొందరగా అయిపోతున్నాయంటే ట్యాంకు చిన్నదైనా అయి ఉండాలి, నల్లా ఎక్కువ తిప్పి అయినా ఉండాలి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. నీ లెక్కే తీసుకుందాం. కాజీపేట నుంచి జనగామకు సుమారు నలభై నిమిషాలు. అంతలో 38 శాతం పోయిందంటే గంటకు 57 శాతం. వాట్ అవర్లంటే ట్యాంకులో పట్టే నిల్వ, వాట్లంటే నల్లా వేగం అనుకో. నీ బ్యాటరీ ఇంకా కొత్తదానిలాగే 42 వాట్ అవర్లు పట్టుకుంటోందనుకో, అప్పుడు నీ ల్యాప్‌టాప్ దాదాపు 24 వాట్లు లాగుతోంది. ఎక్సెల్, మెయిల్ పనికి అది చాలా ఎక్కువ. అంటే నీకు తెలియకుండా లోపల ఏదో నడుస్తోంది. అలా కాకుండా బ్యాటరీ అరిగిపోయి 24 వాట్ అవర్లే పట్టుకుంటోందనుకో, ఖర్చు 14 వాట్ల లోపే. అది మరీ తప్పుపట్టేంత ఖర్చు కాదు, అప్పుడు షాపువాళ్ల మాటే నిజం. రెండింట్లో ఏదైనా సరే, జనగామలో నీ కంటికి కనిపించేది 62 శాతమే. అందుకే శాతం చూసి ఏదీ తేల్చలేం.

బ్రౌజర్ 61 శాతం అన్న దగ్గర కూడా ఇదే పొరపాటు జరుగుతోంది. చాలామంది దాన్ని "నా బ్యాటరీలో 61 శాతాన్ని బ్రౌజర్ తినేసింది" అని చదువుకుంటారు. అది కాదు. ఖర్చయినదాంట్లో దాని వాటా అది. ఇంట్లో నెలకు పదివేలు ఖర్చయినా, యాభై వేలు ఖర్చయినా కిరాణా వాటా సగం ఉండొచ్చు కదా, అలాగే. నువ్వు గంటన్నర సేపు బ్రౌజర్ ముందే కూర్చుంటే దాని వాటా పెద్దగా ఉండడం సహజం. దాన్ని తీసేసి ఇంకోటి పెట్టుకుంటే రేపు ఆ కొత్తది అదే స్థానంలో ఉంటుంది.

కాబట్టి ముందు ట్యాంకు కొలుద్దాం. విండోస్‌లోనే దీనికి ఏర్పాటు ఉంది, వేరే ఏ యాప్ దించుకోనక్కర్లేదు. స్టార్ట్ నొక్కి సి, ఎం, డి అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది, తెరువు. అందులో ఏం కొట్టాలో ఫోన్లో చెప్పినట్టే చెప్తాను: పవర్ అనే మాట, దాన్ని ఆనుకునే సి, ఎఫ్, జి. తర్వాత ఒక స్పేస్. తర్వాత స్లాష్, దాన్ని ఆనుకుని బ్యాటరీ రిపోర్ట్ అనే రెండు మాటలూ కలిపి. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ఎంటర్ కొట్టగానే రిపోర్టు ఎక్కడ దాచిందో అక్కడే దారి చూపిస్తుంది. ఆ ఫైల్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

పైన ల్యాప్‌టాప్ వివరాలు ఉంటాయి, వదిలేయి. ఇన్‌స్టాల్డ్ బ్యాటరీస్ అనే చోట రెండు అంకెలు చూడు. డిజైన్ కెపాసిటీ అంటే కంపెనీలో తయారైనప్పుడు ఎంత పట్టాలో అంత. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిజంగా ఎంత పడుతుందో అంత. రెండూ మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి, వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు. రెండో అంకె మొదటిదాంట్లో 80 శాతానికి పైన ఉంటే బ్యాటరీకి ఏ రోగమూ లేదు, మార్చమన్నవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయి. 60 శాతం లోపుంటే మార్చుకోవడమే మంచిది. మధ్యలో ఉంటే ముందు ఖర్చు తగ్గించి చూడు, అవసరమైతే ఆరు నెలల తర్వాత ఆలోచిద్దాం. ఇది నా అనుభవం మీద పెట్టుకున్న గీత. దీనికి ఒక మినహాయింపు ఉంది: చార్జింగ్ 30 దగ్గరో 25 దగ్గరో ఉండగా ఉన్నట్టుండి ఆగిపోతుంటే అంకెలు బాగున్నా బ్యాటరీని అనుమానించాలి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు ఉన్నా, అడుగున మూత పగులు తీసినట్టు కనిపించినా లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆపేసి తీయించెయ్. ఉబ్బిన బ్యాటరీతో రైలెక్కకు.

మన దగ్గర ఎండాకాలం ఈ బ్యాటరీలకు పెద్ద శత్రువు. లిథియం బ్యాటరీని వేడి, ఎప్పుడూ నూరు శాతం నింపి ఉంచడం, ఈ రెండూ కలిసి అరగదీస్తాయి. మే నెలలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటప్పుడు పరుపు మీద పెట్టి, గాలి పోయే రంధ్రాలు మూసేసి, రోజంతా చార్జర్ తగిలించి వాడితే పదహారు నెలల్లో అరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో చార్జింగ్‌ను 80 దగ్గరే ఆపే సెట్టింగ్ ఉంటుంది, కంపెనీ యాప్‌లోనో, బయోస్‌లోనో (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు, విండోస్ రాకముందే తెరిచే సెట్టింగ్స్). ఆఫీసులో ఎక్కువసేపు ప్లగ్ పెట్టి వాడే రోజుల్లో దాన్ని ఆన్ చేసుకో, రైలు ప్రయాణానికి ముందు రాత్రి తీసేసి నింపుకో.

ఇప్పుడు నల్లా సంగతి. అదే రిపోర్టులో కిందికి వస్తే బ్యాటరీ యూసేజ్ అని ఇంకో పట్టిక ఉంటుంది. ఏ రోజు, ఏ సమయానికి, ఎంతసేపు బ్యాటరీ మీద నడిచింది, అంతసేపట్లో ఎన్ని మిల్లీవాట్ అవర్లు పోయాయి అని వరసగా ఉంటుంది. నీ రైలు సమయం వెతుకు. ఉదాహరణకు గంటా ఐదు నిమిషాల్లో 14,000 పోయిందనుకో, అంటే గంటకు దాదాపు 13,000, అంటే 13 వాట్లు. నాకు కావలసింది ఈ ఒక్క అంకె. నా చేతికి వచ్చే మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లు రాతపని, మెయిల్, కాస్త బ్రౌజింగ్ చేస్తుంటే 7 నుంచి 12 వాట్ల మధ్య ఉంటాయి. వీడియో కాల్‌లో ఉంటే 15 నుంచి 20. ఏ పనీ చేయకుండా 15 దాటితే మాత్రం లోపల దొంగ ఉన్నాడు.

ఆ దొంగను పట్టుకోవడానికి రెండు చోట్లు చూడాలి. మొదటిది నువ్వు చూసిన సెట్టింగ్స్ పేజీయే. సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్. కాకపోతే నువ్వు పైనున్న పెద్ద అంకె చూసి ఆగిపోయావు. ఒక్కో యాప్‌కు ఎదురుగా అది నువ్వు వాడుతుండగా ఎంత తిన్నదో, వెనకాల ఎంత తిన్నదో విడిగా ఉంటుంది. దాన్ని చూడు. గంటన్నర వాడిన బ్రౌజర్ 61 తింటే తిననివ్వు. నువ్వు తెరవనే తెరవని యాప్ వెనకాల కూర్చుని 12 తింటే అది నేరం. పైన 24 గంటలు, ఏడు రోజులు అని మార్చుకోవచ్చు. ఏడు రోజులది చూస్తే అలవాటుగా తినేవి ఎవరో బయటపడతాయి.

రెండోది టాస్క్ మేనేజర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. కిటికీ చిన్నగా ఉంటే కుడి చివర ఉండే రెండు గళ్లు కనిపించవు, వెడల్పు చేసుకో. పవర్ యూసేజ్ అంటే ఈ క్షణం, పవర్ యూసేజ్ ట్రెండ్ అంటే గత రెండు నిమిషాల పోకడ. చార్జర్ తీసేయి, స్క్రీన్‌కు రోజూ పెట్టుకునే వెలుతురే పెట్టుకో, తెరిచినవన్నీ మూసేసి టీ తాగిరా. వచ్చాక ట్రెండ్ గడి మీద ఒక నొక్కు నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. ఏ పనీ లేని సమయంలో అన్నీ వెరీ లో దగ్గరే ఉండాలి. హై, వెరీ హై అని ఏది కనిపించినా దాని పేరు కాగితం మీద రాసుకో. అప్పుడే ఎండ్ టాస్క్ కొట్టకు. విండోస్ అప్‌డేట్, డిఫెండర్ స్కాన్, సెర్చ్ ఇండెక్సింగ్ లాంటివి కాసేపు పనిచేసి వాటంతట అవే తగ్గుతాయి. ఇంట్లో చార్జర్ పెట్టి ఒక గంట వదిలేసి మళ్లీ చూడు. అప్పటికీ తగ్గకపోతే అది మామూలు పని కాదు.

ఈ మధ్య జరిగింది ఒకటి చెప్తాను. ములుగు రోడ్డు వైపు ఉండే ఒక టీచరమ్మ వచ్చింది. ల్యాప్‌టాప్ కొని తొమ్మిది నెలలే, రెండున్నర గంటల కంటే ఎక్కువ రావట్లేదు. ఆమెకూ ఎక్కడో బ్యాటరీ మార్చాలనే చెప్పారు. టేబుల్ మీద పెట్టగానే నాకు మొదట చెవికి తెలిసింది: ఏమీ తెరవలేదు, ఫ్యాన్ మాత్రం సన్నగా ఆగకుండా తిరుగుతోంది. అడుగున చెయ్యి పెడితే ఎడమ పక్క వెచ్చగా ఉంది. రిపోర్టు తీస్తే డిజైన్ 41,000, ఇప్పుడు పడుతున్నది 39,200. బ్యాటరీ బంగారం. ఖర్చు చూస్తే ఖాళీగా ఉండి 16 వాట్లు. టాస్క్ మేనేజర్‌లో ఫైళ్లను క్లౌడ్‌లోకి పంపే యాప్ ట్రెండ్ హై చూపిస్తోంది. గడియారం పక్కన దాని చిన్న గుర్తు మీద నొక్కితే ఒకే ఒక్క ఫైల్ ఎక్కుతోంది అని ఉంది. వాళ్లమ్మాయి పెళ్లి వీడియో, 14 జీబీ. డెస్క్‌టాప్ మీద పెట్టుకుంది, డెస్క్‌టాప్ మొత్తం క్లౌడ్‌కు కలిపి ఉంది. ఇంట్లో నెట్ మాటిమాటికీ తెగుతుంది. ఆ యాప్ పాపం ఫైల్‌ను చదవడం, పంపబోవడం, మధ్యలో తెగడం, మళ్లీ మొదటి నుంచి. రెండు నెలలుగా ఇదే. వీడియోను బయటి హార్డ్ డిస్క్‌లోకి మార్చి, యాప్‌ను ఒకసారి ఆపి మళ్లీ నడిపితే ఖర్చు 7 వాట్లకు దిగింది. ఐదు గంటల పైచిలుకు వస్తుంది ఇప్పుడు. రూపాయి ఖర్చు లేదు. ఆమె ముఖంలో నవ్వు చూసి ఆ రోజంతా నాకు హాయిగా ఉంది.

నీ విషయంలో కూడా నాకు మొదటి అనుమానం ఇలాంటి దాని మీదే. రైల్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటావు కదా, స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆగిన చోటి నుంచి కాకుండా మొదటి నుంచి మొదలుపెట్టే ఏ యాప్‌కైనా ఆ రెండు గంటలు పండగే. సింక్ యాప్‌లను, అంటే ఇలా ఫైళ్లను క్లౌడ్‌లోకి పంపేవాటిని, రైలు ఎక్కే ముందు పాజ్ చెయ్, ఆఫీసు వైఫైలో మళ్లీ వదులు. హాట్‌స్పాట్ కనెక్షన్‌ను సెట్టింగ్స్‌లో మీటర్డ్ (డేటా పొదుపుగా వాడాల్సిన కనెక్షన్) అని పెట్టుకుంటే విండోస్ అప్‌డేట్లు కూడా చాలావరకు ఆగి ఉంటాయి, డేటా కూడా మిగులుతుంది.

ఇక బ్రౌజర్. దాన్ని తీసేయమనను కానీ దాని లోపల ఎవరున్నారో చూడాలి. క్రోమ్‌లో కానీ ఎడ్జ్‌లో కానీ షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్‌కే సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఒక్కో ట్యాబ్, ఒక్కో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) విడివిడిగా వస్తాయి. సీపీయూ గడి మీద నొక్కి చూడు. క్రికెట్ స్కోరు ట్యాబ్, ప్రకటనలు వాటంతట అవే ఆడే వార్తల పేజీ, ఎప్పుడో వేసుకుని మరిచిపోయిన ధరలు పోల్చే ఎక్స్‌టెన్షన్, ఎక్కువగా ఇవే దొరుకుతాయి. అక్కర్లేని ఎక్స్‌టెన్షన్‌ను ఆఫ్ చేయడం కాదు, తీసేసెయ్. క్రోమ్ అయితే సెట్టింగ్స్‌లో పర్‌ఫార్మెన్స్ కింద ఎనర్జీ సేవర్, మెమరీ సేవర్ ఉంటాయి, రెండూ ఆన్ చేసుకో. బ్రౌజర్ మూసేశాక కూడా వెనకాల నడుస్తూ ఉండే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆఫ్ చెయ్.

దొంగ దొరికాక ఏం చేయాలన్నది యాప్‌ను బట్టి ఉంటుంది. స్టోర్ నుంచి వచ్చిన యాప్ అయితే ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాని పక్కన మూడు చుక్కలు, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ బ్యాక్‌గ్రౌండ్ అనుమతిని నెవర్ అని పెట్టు. పాత పద్ధతిలో సెటప్ ఫైల్‌తో వేసుకున్న ప్రోగ్రాములకు ఆ ఆప్షన్ ఉండదు, చాలామంది ఇక్కడే వెతికి వెతికి విసిగిపోతారు. వాటికి టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ యాప్స్‌లో డిసేబుల్ కొట్టాలి, లేదా ఆ ప్రోగ్రాం సెట్టింగ్స్‌లోనే చూసుకోవాలి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయి. కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా ఒకటి వస్తుంది, కొన్నచోట ఇంకోటి వేసి ఇస్తారు. రెండూ ఒకే ఫైల్‌ను రెండుసార్లు తనిఖీ చేస్తూ కూర్చుంటాయి.

గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే ఇంకో సంగతి. రెండో గ్రాఫిక్స్ చిప్ మేలుకుంటే ఒక్కసారిగా ఎన్నో వాట్లు పోతాయి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ ఇంజిన్ గడి చూస్తే ఏ యాప్ ఏ చిప్‌ను వాడుతోందో తెలుస్తుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అనే చోట ఆ యాప్‌కు పవర్ సేవింగ్ అని పెట్టొచ్చు. స్క్రీన్ వెలుతురు గురించి ఎవరూ పట్టించుకోరు కానీ పూర్తి వెలుతురుకూ సగానికీ మధ్య రెండు మూడు వాట్ల తేడా ఉంటుంది. కిటికీ పక్క సీట్లో ఎండ పడుతుందని నువ్వు నిండా పెంచుకునే ఉంటావు.

ఇంకొక్కటి తప్పకుండా చూడు. రాత్రి నూరు చేసి మూత మూసి బ్యాగులో పెట్టుకుంటే పొద్దునకు నూరే ఉంటోందా? ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు మూత మూసినా పూర్తిగా నిద్రపోవు. ఫోన్‌లాగా సగం మెలకువతో మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకుంటూ ఉంటాయి. బ్యాగులోంచి తీసినప్పుడు వెచ్చగా ఉంటే అదే గుర్తు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇందాకటి పద్ధతిలోనే బ్యాటరీ రిపోర్ట్ బదులు స్లీప్ స్టడీ అని కలిపి కొడితే, నిద్రలో ఎవరు లేపారో పేర్లతో సహా వస్తుంది. అదే చోట రిక్వెస్ట్స్ అని కొడితే ఇప్పుడు నిద్ర పోనివ్వకుండా ఎవరు పట్టుకున్నారో చెప్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే తెరిచినవన్నీ డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోయేలా పెట్టుకో. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, కానీ బ్యాటరీ దాదాపు ఎంత ఉన్నది అంతే ఉంటుంది.

మీ ఆఫీసులో మ్యాక్ వాడేవాళ్లుంటే యాక్టివిటీ మానిటర్‌లో ఎనర్జీ ట్యాబ్ చూడమను. ఇప్పటి వాడకం, గత 12 గంటల సగటు, నిద్రను ఎవరు ఆపుతున్నారు, మూడూ ఒకేచోట ఉంటాయి. లినక్స్ వాళ్లకు పవర్‌టాప్ ఉంది, బ్యాటరీ మీద నడిపితే ఎన్ని వాట్లు పోతున్నాయో నేరుగా చూపిస్తుంది.

బ్యాటరీ బూస్టర్, బ్యాటరీ డాక్టర్ అని ఉచితంగా దొరికే యాప్‌లు మాత్రం వేసుకోకు. అవీ వెనకాల నడిచేవే. నేను పైన చెప్పినవన్నీ విండోస్‌లో ముందే ఉన్నాయి.

ఒకవేళ రిపోర్టు చూశాక నిజంగానే బ్యాటరీ మార్చాల్సి వస్తే, డబ్బు ఇచ్చే ముందు షాపు కౌంటర్ దగ్గరే అదే రిపోర్టు మళ్లీ తీయి. కొత్తదాని డిజైన్ కెపాసిటీ, బ్యాటరీ మీద రాసి ఉన్న వాట్ అవర్లు ఒకటే అయ్యి ఉండాలి. సైకిల్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని పూర్తి చార్జింగ్‌లంత వాడారో ఆ లెక్క) చూపించే మోడల్ అయితే సున్నానో దాని దరిదాపుల్లోనో ఉండాలి. వందల్లో ఉంటే అది ఎవరో వాడి పారేసింది. మొహమాటపడకు, నీ డబ్బు.

రేపు పొద్దున రైల్లో సింక్ ఆపేసి, వెలుతురు సగం పెట్టి ప్రయాణం చెయ్. జనగామలో ఎంత, ఆలేరులో ఎంత, భువనగిరిలో ఎంత అని కాగితం మీద రాసుకో. దాంతోపాటు రిపోర్టులోని డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ, టాస్క్ మేనేజర్‌లో హై అని కనిపించిన పేర్లు కూడా ఇక్కడే పెట్టు. రాత్రి షాపు మూసి ఇంటికి వచ్చాక చూసి చెప్తాను. అప్పటిదాకా ఆ 4,500 జేబులోనే ఉంచుకో తమ్మీ.